డిస్కు డ్రైవు మొరాయిస్తే

పాఠ్యభాగ పరిచయం

ఇది విజ్ఞాన విషయక వ్యాసం. ఇంట్లోని కంప్యూటర్‌లో డిస్కు డ్రైవు పనిచేయడం మానితే దోషం ఎక్కడ ఉందో క్రమపద్ధతిలో ఎలా కనిపెట్టాలో ఈ పాఠం వివరిస్తుంది. ఆ వెదుకులాటలో డిస్కులోని సమాచారానికి హాని కలగకుండా ఎలా కాపాడుకోవాలో కూడా తెలుపుతుంది.

పాఠం

మానవుడు తనకు తెలిసినదాన్ని భద్రపరచుకోవడానికి అనాదిగా ఎన్నో మార్గాలు వెదికాడు. రాతిమీద చెక్కాడు. రాగిరేకు మీద మలిచాడు. తాటాకు మీద గంటంతో రాశాడు. తరువాత కాగితం వచ్చింది, అచ్చుయంత్రం వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం నడుమ డిస్కు వచ్చింది. నేడు ఇంటి లెక్కలు, పిల్లల చదువు కాగితాలు, పెళ్ళి ఫొటోలు, పెద్దల గొంతులు ఎన్నో ఇళ్ళలో డిస్కుల్లోనే ఉన్నాయి.

తాటాకును కంటితో చదవవచ్చు. డిస్కును అలా చదవలేం. దానిని చదివి చెప్పడానికి ఒక యంత్రం కావాలి. ఆ యంత్రమే డిస్కు డ్రైవు. అది ఆగిపోతే లోపలి సమాచారం ఉన్నదో పోయిందో కూడా తెలియదు. అందుకే డ్రైవు మొరాయించగానే ఇంటిల్లిపాదికీ కంగారు పుడుతుంది. ఆ కంగారులో చేసే పనులే చాలాసార్లు అసలు దోషం కన్నా ఎక్కువ నష్టం తెస్తాయి.

డ్రైవుల్లో రకాలు

మొట్టమొదటి హార్డు డిస్కును ఐ.బి.ఎమ్. సంస్థ 1956లో రామాక్ అనే కంప్యూటర్‌తో పాటు వెలువరించింది. అందులో రెండు అడుగుల వ్యాసం గల పలకలు 50 ఉండేవి. అంత పెద్ద యంత్రంలో పట్టినవి 50 లక్షల అక్షరాలు మాత్రమే. నేడు అరచేతిలో ఇమిడే ఒక టెరాబైట్ డిస్కులో లక్ష కోట్ల బైట్లు పడతాయి.

1971లో ఫ్లాపీ డిస్కు వచ్చింది. చాలాకాలం ఇళ్ళలో వాడిన మూడున్నర అంగుళాల ఫ్లాపీలో 1.44 మెగాబైట్ల సమాచారం పట్టేది. 1982లో సి.డి. అమ్మకానికి వచ్చింది. దానిలో సుమారు 700 మెగాబైట్లు పడతాయి. 1990ల నడుమ వచ్చిన డి.వి.డి.లో ఒక పొరకు 4.7 గిగాబైట్లు పడతాయి. ఫ్లాపీలు నేడు దాదాపు కనుమరుగయ్యాయి. కొత్త కంప్యూటర్లలో సి.డి. డ్రైవులు కూడా అరుదుగానే కనబడతాయి. అయినా పాత సి.డి.లు, వాటిని చదివే డ్రైవులు ఎన్నో ఇళ్ళలో ఉన్నాయి.

డ్రైవు పనిచేసే తీరు

హార్డు డిస్కులో అయస్కాంత పూత పూసిన పలకలు నిమిషానికి 5400 సార్లో, 7200 సార్లో గిర్రున తిరుగుతాయి. నిమిషానికి 7200 సార్లంటే సెకనుకు 120 సార్లు. పలక మీద హెడ్డు అనే చిన్న భాగం తాకీ తాకనట్లు తేలుతూ చదువుతుంది. పలకకు, హెడ్డుకు నడుమనున్న ఖాళీ తలవెంట్రుక మందంలో వెయ్యోవంతు కన్నా తక్కువ. ఒక ధూళికణం ఆ ఖాళీలో చేరితే పెద్ద బండరాయి అడ్డుపడినట్లే. కాబట్టి హార్డు డిస్కు మూతను ఇంట్లో ఎప్పుడూ విప్పరాదు.

సి.డి. సంగతి వేరు. దాని మీద సమాచారం చిన్నచిన్న గుర్తుల రూపంలో ఒకే చుట్టగా ఉంటుంది. ఆ చుట్ట నడుమ నుండి అంచు వైపు సాగుతుంది. దాన్ని విప్పి పరచగలిగితే సుమారు 5 కిలోమీటర్ల పొడవుంటుంది. డ్రైవులోని లేజరు కిరణం కింది నుండి పడి, తిరిగివచ్చే వెలుగులోని తేడాను బట్టి చదువుతుంది. కటకం మీద దుమ్ము పడినా, సి.డి. అడుగున మరకలున్నా ఆ కిరణం చెదిరిపోతుంది.

ఇటీవలి కంప్యూటర్లలో ఎస్.ఎస్.డి. అనే డిస్కు వస్తున్నది. పేరుకు డిస్కు అంటున్నా అందులో తిరిగే పలకలేవీ లేవు. అందువల్ల శబ్దం రాదు. చెడిపోయేటప్పుడు అది హెచ్చరించకుండానే ఆగిపోవచ్చు.

దోషం ఎక్కడ?

ఇంట్లో బల్బు వెలగలేదనుకోండి. బల్బు మాడి ఉండవచ్చు. స్విచ్చి చెడి ఉండవచ్చు. ఫ్యూజు పోయి ఉండవచ్చు. వీధిలోనే కరెంటు లేకపోవచ్చు. తెలిసినవాళ్ళు ముందుగా పక్కగదిలో దీపం వెలుగుతున్నదో లేదో చూస్తారు. ఆ ఒక్క చూపుతో అనుమానాలు సగానికి తగ్గుతాయి.

డ్రైవు విషయంలోనూ ఇదే పద్ధతి. అనుమానించదగినవి ఐదు: విద్యుత్తు, కేబుల్, డిస్కు, డ్రైవు, కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్. వెలుపలి నుండి లోపలికి, సులువైనదాని నుండి కష్టమైనదాని వైపు ఒక్కొక్కటే పరీక్షించాలి. ఒకసారికి ఒకే మార్పు చేయాలి. కేబుల్, డిస్కు రెండూ ఒకేసారి మార్చితే, డ్రైవు పనిచేసినా దోషం దేనిలో ఉండిందో తెలియదు. చేసిన ప్రతి మార్పునూ, తెర మీద కనబడిన ప్రతి సందేశాన్నీ నోటుపుస్తకంలో రాసుకోవాలి. మరమ్మతు చేసేవారికి ఆ కాగితం, వైద్యుడికి పాత మందుల చీటీలాగా ఉపయోగపడుతుంది.

కంప్యూటర్ పెట్టెను విప్పవలసి వస్తే పెద్దవాళ్ళు దగ్గరుండాలి. ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు తీయాలి. చేతికి ఉండే స్థిర విద్యుత్తు పోవడానికి పెట్టెలోని లోహపు భాగాన్ని ఒకసారి తాకాలి. లోపల విద్యుత్తును సరఫరా చేసే చిన్న పెట్టెను మాత్రం ఎప్పుడూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

సి.డి. డ్రైవు చదవకపోతే

ముందుగా మరో సి.డి.ని పెట్టి చూడాలి. అది చదివితే డ్రైవు బాగున్నట్లే. దోషం మొదటి సి.డి.లో ఉంది. ఏ సి.డి.నీ చదవకపోతే దోషం డ్రైవులో గాని, దానికి వచ్చే కేబుళ్ళలో గాని, సాఫ్ట్‌వేర్‌లో గాని ఉంది. సి.డి.లను చదివి డి.వి.డి.లను చదవకపోవడం, లేదా దానికి విరుద్ధంగా జరగడం కూడా ఉంది. ఆ రెంటికీ వేరువేరు లేజరు కిరణాలు వాడతారు. వాటిలో ఒకటి బలహీనపడితే ఇలా జరుగుతుంది.

మురికి పడిన సి.డి.ని మెత్తని పొడిగుడ్డతో నడుమ నుండి అంచుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే ఏర్పడే గీత సమాచారపు చుట్ట వెంబడే సాగి, ఒకే చోట ఎక్కువ భాగాన్ని చెరుపుతుంది. అడ్డంగా పడిన గీతను డ్రైవు చాలావరకు దాటుకొని చదవగలదు.

చాలామంది సి.డి. అడుగుభాగాన్నే జాగ్రత్తగా చూసుకుంటారు, పేరు రాసిన పైభాగాన్ని పట్టించుకోరు. నిజానికి సి.డి.లో సమాచారపు పొర ఆ పైపూతకు సరిగ్గా కిందనే ఉంటుంది. అడుగున ఒక మిల్లీమీటరుకు పైగా ప్లాస్టిక్ కవచం ఉంటుంది. పైన ఆ రక్షణ లేదు. కాబట్టి మొనగల బాల్‌పెన్నుతో పైన పేరు రాయరాదు. ఇంట్లో రికార్డు చేసిన సి.డి.లలో సమాచారం రంగుపొర మీద ఉంటుంది. దాన్ని ఎండలో వదిలితే ఆ రంగు క్రమంగా వెలిసిపోతుంది.

డ్రైవు ట్రే తెరుచుకోకపోతే కత్తితోనో స్క్రూడ్రైవరుతోనో పెకలించరాదు. చాలా డ్రైవుల ముఖం మీద గుండుసూది తలంత రంధ్రం ఒకటి ఉంటుంది. అది అత్యవసర రంధ్రం. కంప్యూటర్‌ను ఆపి, తిన్నగా చేసిన కాగితపు క్లిప్పును ఆ రంధ్రంలో మెల్లగా నొక్కితే ట్రే కొంచెం వెలుపలికి వస్తుంది. తక్కినది చేత్తో లాగవచ్చు. లోపలి లేజరు వైపు నేరుగా చూడరాదు.

తెర మీద కనబడకపోతే

ఒక్కొక్కప్పుడు ట్రే తెరుచుకుంటుంది, దీపం వెలుగుతుంది, కాని తెర మీద డ్రైవు పేరే కనబడదు. దీపం వెలుగుతున్నదంటే విద్యుత్తు అందుతున్నట్లే. ఇక చూడవలసినవి సమాచారపు కేబుల్, సాఫ్ట్‌వేర్.

2003 తరువాత వ్యాపించిన సాటా డ్రైవులకు రెండు కేబుళ్ళుంటాయి. సన్ననిది సమాచారానికి, వెడల్పయినది విద్యుత్తుకు. రెంటినీ ఊడదీసి మళ్ళీ గట్టిగా బిగించాలి. అంతకు ముందటి డ్రైవులకు వెడల్పాటి రిబ్బను కేబుల్ ఉండేది. ఒకే రిబ్బనుకు రెండు డ్రైవులు తగిలిస్తే, ఏది మొదటిదో ఏది రెండవదో తెలిపే చిన్న మీటను సరిగా అమర్చాలి. పెట్టెను కదిలించినప్పుడు కేబుల్ వదులు కావడం చాలా మామూలు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్లు, గంటల కొద్దీ వెదికిన దోషం చివరికి వదులైన కేబుల్ దగ్గర తేలడం కద్దు.

కేబుల్ బాగుంటే విండోస్‌లోని డివైస్ మేనేజర్ అనే పట్టికను తెరవాలి. అందులో డ్రైవు పేరు పక్కన పసుపుపచ్చని గుర్తు ఉంటే సాఫ్ట్‌వేర్‌లో చిక్కు ఉన్నదని అర్థం. అక్కడ డ్రైవు పేరును తొలగించి కంప్యూటర్‌ను తిరిగి ప్రారంభిస్తే, చాలాసార్లు అది డ్రైవును కొత్తగా గుర్తిస్తుంది. ఇలా చేయడం వల్ల డిస్కులోని సమాచారం చెడదు.

హార్డు డిస్కు ఆగితే

కంప్యూటర్ ప్రారంభం కాగానే డిస్కు దొరకలేదని సందేశం వస్తే ముందు పెన్‌డ్రైవు గాని, సి.డి. గాని అందులో మిగిలిపోయిందేమో చూడాలి. కంప్యూటర్ వాటి నుండి ప్రారంభం కావాలని ప్రయత్నించి విఫలమై ఉండవచ్చు. అవేవీ లేకపోతే బయోస్ అనే ప్రారంభపు తెరలో డిస్కు పేరు ఉన్నదేమో చూడాలి. పేరు ఉంటే డిస్కు కంప్యూటర్‌కు అందుతున్నట్లే. చిక్కు బహుశా సాఫ్ట్‌వేర్‌లో ఉంది. పేరు లేకపోతే కేబుల్‌నో, విద్యుత్తునో, డిస్కునో అనుమానించాలి.

హార్డు డిస్కు చెడబోయే ముందు తరచు కొన్ని సూచనలిస్తుంది. ఫైళ్ళు తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది. కంప్యూటర్ ఊరకే బిగుసుకుపోతుంది. కొన్ని ఫైళ్ళ పేర్లు అర్థంలేని అక్షరాలుగా మారతాయి. ఇవి కనబడిన రోజే ముఖ్యమైన ఫైళ్ళను మరోచోటికి నకలు చేయాలి. మరమ్మతు ఆ తరువాతి పని.

టకటకమని ఒకే తీరుగా శబ్దం వస్తే హెడ్డు తన చోటు దొరకక కొట్టుకుంటూ ఉండవచ్చు. విద్యుత్తు చాలకపోయినా ఇలాంటి శబ్దం రావచ్చు. ఏదైనా సరే, వెంటనే విద్యుత్తు ఆపాలి. మరో కేబుల్‌తో, మంచి విద్యుత్తుతో ఒక్కసారి చూడవచ్చు. అప్పటికీ శబ్దం ఆగకపోతే మళ్ళీమళ్ళీ ప్రయత్నించరాదు. ప్రతి ప్రయత్నంలోనూ హెడ్డు పలకను గీరి సమాచారాన్ని చెరిపివేయవచ్చు. పాత రేడియోను తట్టినట్లు డిస్కును తట్టరాదు. అందులో విలువైన సమాచారం ఉంటే అలాంటి పనిలో నైపుణ్యం గలవారికి అప్పగించాలి.

ఒక ఉదాహరణ

హోసూరు ప్రాంతంలోని ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించండి. ఆ ఇంటి అవ్వకు జోలపాటలు, పెళ్ళిపాటలు, దంపుళ్ళ పాటలు ఎన్నో వచ్చు. మనుమలు వాటిని రికార్డు చేసి ఒక చేతి హార్డు డిస్కులో దాచారు. అవ్వ కాలం చేసింది. ఆ పాటలు పూర్తిగా తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో మరెవరూ లేరు.

కొన్నేళ్ళకు ఒకనాడు డిస్కును తగిలిస్తే అది సన్నగా టకటకలాడింది. పేరు కనబడింది, పోయింది, మళ్ళీ కనబడింది. చివరకు తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: డిస్కును వాడాలంటే ముందుగా ఫార్మాట్ చేయాలి, చేయమంటారా? అన్న మౌస్‌ను ఆ బొత్తాము మీదికి తెచ్చాడు.

“అన్నా, ఆగు! దాంట్లో అవ్వ పాటలున్నాయి” అంది చెల్లెలు.

“డిస్కు పనిచేస్తేనే కదా పాటలు వినేది? చేయమని అదే అడుగుతా ఉంది” అన్నాడు అన్న.

“అది అడిగేది డిస్కు వాడాలా వద్దా అని. పాటలు కావాలా వద్దా అని అడగలేదు కదా!”

అన్న చేయి వెనక్కు తీశాడు. ప్రశ్నకు వద్దని బదులిచ్చి, డిస్కును వెంటనే తీశారు. వాళ్ళు మొదట కేబుల్‌ను చూశారు. అది పొడవైనది, మొదలు దగ్గర నలిగి ఉంది. డిస్కును తగిలించింది కంప్యూటర్ ముందున్న రంధ్రానికి. వాళ్ళు ముందు కేబుల్‌ను మాత్రమే మార్చి, పొట్టిది వేశారు. శబ్దం తగ్గింది గాని డిస్కు తెరుచుకోలేదు. అప్పుడు కేబుల్‌ను అలాగే ఉంచి, డిస్కును వెనుకవైపు రంధ్రానికి తగిలించారు. డిస్కు నిలకడగా తిరిగింది. ఫైళ్ళన్నీ కనబడ్డాయి.

డిస్కు చెడలేదు. దానికి చాలినంత విద్యుత్తు అందలేదు. నలిగిన కేబుల్, ముందు రంధ్రం రెండూ కలిసి దాన్ని బలహీనపరిచాయి. బలం చాలని డిస్కును సరిగా చదవలేక, కంప్యూటర్ దాన్ని ఖాళీ డిస్కు అనుకుంది. అవునని నొక్కి ఉంటే, ఆ ఫార్మాట్ పని నిజంగానే డిస్కులోని ఫైళ్ళ పట్టికను చెరిపివేసేది. వాళ్ళు ఆ పూటే పాటలన్నిటినీ రెండు చోట్లకు నకలు చేశారు. ఒక ప్రతిని మేనమామ ఇంటికి పంపారు. నలిగిన కేబుల్‌ను మళ్ళీ సొరుగులో పెట్టక పారవేశారు.

ప్రతులే ప్రాణం

ఎంత జాగ్రత్తగా చూసుకున్నా ప్రతి డ్రైవూ ఏదో ఒకనాటికి ఆగిపోతుంది. అది ఆగాక సమాచారం కోసం పరుగులెత్తడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అందుచేత ముఖ్యమైన ప్రతి ఫైలుకూ మూడు ప్రతులుండాలి. అవి కనీసం రెండు రకాల సాధనాల మీద ఉండాలి. వాటిలో ఒకటి మరో ఇంట్లో ఉండాలి. ఒకే డిస్కులో రెండు చోట్ల దాచిన ఫైలు రెండు ప్రతులు కాదు; డిస్కు పోతే రెండూ పోతాయి. ఏడాదికొకసారైనా ప్రతులను తెరిచి, అవి చదవడానికి వస్తున్నాయో లేదో చూడాలి.

ఇది కొత్తగా పుట్టిన నీతి కాదు. తాటాకు నూరేళ్ళలోనో, కొన్ని వందల ఏళ్ళలోనో పురుగు తిని, పొడిబారి రాలిపోతుంది. అయినా పాత కావ్యాలు మిగిలాయి. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు పాత ప్రతిని చూసి కొత్త ప్రతి రాశారు. తంజావూరులోని సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలను నేటికీ భద్రపరుస్తున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ పండితులను నియమించి ఎన్నో తెలుగు గ్రంథాలకు ప్రతులు రాయించాడు. డిస్కులోని మాటకు, పాటకు కూడా ఇలా ప్రతులు తీసేవాళ్ళు కావాలి. చెడిన డ్రైవుకు బదులు అంగట్లో మరొకటి దొరుకుతుంది. దానిలోని సమాచారం మాత్రం ప్రతి తీసి ఉంచితేనే దొరుకుతుంది.

అర్థాలు

మొరాయించు = ముందుకు సాగక నిలిచిపోవు
అనాది = మొదలు తెలియని కాలం
గంటం = తాటాకు మీద రాసే ఇనుప సాధనం
ఇంటిల్లిపాది = ఇంట్లోని వారందరూ
కటకం = ఇక్కడ, లేజరు కిరణం సాగే చిన్న లెన్సు
నకలు = ప్రతి, చూసి తీసిన మారుప్రతి
దంపుళ్ళ పాటలు = వడ్లు దంచేటప్పుడు స్త్రీలు పాడే పాటలు
కద్దు = కలదు, ఉన్నది

అభ్యాసం

I. ఈ కింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలలో జవాబులు రాయండి.

1. హార్డు డిస్కు మూతను ఇంట్లో ఎందుకు విప్పరాదు?
2. సి.డి.ని నడుమ నుండి అంచుకు తిన్నగా ఎందుకు తుడవాలి?
3. సి.డి. పైభాగం మీద బాల్‌పెన్నుతో రాస్తే కలిగే నష్టమేమిటి?
4. ఒకసారికి ఒకే మార్పు చేయాలని ఎందుకు చెప్పారు?

II. ఈ కింది ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు రాయండి.

1. డిస్కును ఫార్మాట్ చేయబోయిన అన్నను చెల్లెలు ఎందుకు ఆపింది? తరువాత వాళ్ళు దోషాన్ని కనిపెట్టిన క్రమాన్ని వివరించండి.
2. తాళపత్రాలు రాసిన వారి పనికీ, డిస్కులోని సమాచారానికి ప్రతులు తీయడానికీ గల పోలికను వివరించండి.

III. ఖాళీలను పూరించండి.

1. మొట్టమొదటి హార్డు డిస్కు ______ సంవత్సరంలో వెలువడింది.
2. నిమిషానికి 7200 సార్లు తిరిగే పలక సెకనుకు ______ సార్లు తిరుగుతుంది.
3. డివైస్ మేనేజర్‌లో ______ గుర్తు ఉంటే సాఫ్ట్‌వేర్‌లో చిక్కు ఉన్నదని అర్థం.

IV. భాషాంశాలు

1. కింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి: అత్యవసరం, మొట్టమొదట, ఫైళ్ళన్నీ.
2. కింది ప్రకృతులకు వికృతులు రాయండి: యంత్రం, దోషం, వైద్యుడు, భాష.
3. కింది సామెతలను సొంత వాక్యాలలో ప్రయోగించండి: కొండను తవ్వి ఎలుకను పట్టినట్లు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లు.

V. కృత్యం

మీ ఇంట్లో గాని, బంధువుల ఇంట్లో గాని పెద్దలకు తెలిసిన ఒక పాటనో, కథనో, పొడుపుకథనో వారి మాటల్లోనే రాసుకోండి. వీలైతే వారి గొంతును రికార్డు చేయండి. దానికి మూడు ప్రతులు తీసి, ఏ ప్రతి ఎక్కడ ఉన్నదో, ఏ తేదీన తీశారో ఒక పట్టికగా రాసి తరగతిలో చదవండి.